మనకొరకు వేచియుండువారెవరు?

(పట్టణ పఠనమందిర వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆధునిక సంఘములో మానవ జీవితము సార్థకమగుట యెట్లు అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ మందిర కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇది తత్త్వజ్ఞులు చెప్పదగిన విషయము. న్యాయస్థానములలో వాదించి పొట్టపోసికొనువారికి దీనితో నేమి పని యని మీలో కొందరు తలపవచ్చును. తలచుటలో తప్పు లేదు. కాని మా వృత్తియందొక విశేషము కలదు. మనుష్యులు తమ జీవితమునకు లెక్క చూచుకొను వేళ, ఆ లెక్కను కాగితముపై నుంచుటకు మావంటివారి యొద్దకే వత్తురు. ఆ లెక్కలు వినగా వినగా మాకు తోచిన సంగతి యొకటి కలదు. దానినే నేడు మీ ముందుంచెదము.

వీలునామా వ్రాయించుటకు వచ్చు వృద్ధులను చూడుడు. ఇల్లెవరికి, పొలమెవరికి, బ్యాంకులోని సొమ్మెవరికి అను పట్టిక అరగంటలో ముగియును. పని యైనది గదా, లేచి పోవచ్చును. పోరు. కొంతసేపు ఊరకుండి వేరొక సంగతి నెత్తుకొందురు. ఒకరు తాము చదువు చెప్పిన బీదపిల్లవాడు ఇంజనీరైన సంగతి చెప్పుదురు. ఒకరు ఊరి చెరువునకు గండిపడిన రాత్రి ఇసుక బస్తాలు మోసిన సంగతి చెప్పుదురు. ఒకామె, తోడికోడలు మంచము పట్టిన మూడేండ్లును తానే నోటికి అన్నమందించిన సంగతి చెప్పును. ఆస్తి పట్టికలో చేరని యీ సంగతులే తమ యసలైన ఆస్తి యని వారెరుగుదురు. వాని నెవరి పేర వ్రాయవలయునో తెలియక మాతో చెప్పుకొని పోవుదురు. ఇన్నేండ్లలో, ఇంత కూడబెట్టితిని గనుక నా బ్రతుకు పండినదని తృప్తితో పలికినవారిని మేము మిక్కిలి తక్కువగా చూచితిమి.

పూర్వకాలమే మేలు, నవనాగరకత చెడ్డదని చెప్పుట సులభము. అది సత్యము కాదు. 1951 జనాభా లెక్కలనాడు మన దేశమున నూటికి సుమారు 18 మందికి మాత్రమే చదువను వ్రాయను వచ్చెడిది. 2011 నాటికి నూటికి సుమారు 73 మందికి వచ్చినది. ఇంటింట పిల్లలను పొట్టబెట్టుకొనిన మశూచి తుడిచిపెట్టుకొని పోయినది. ఊరి బావికి దూరముగా నిలువవలసి వచ్చిన కులములవారి బిడ్డలు నేడు న్యాయపీఠములపై కూర్చుండి తీర్పులు చెప్పుచున్నారు. వీనిలో నొక్కదానినైనను వదలుకొనుటకు మేము సమ్మతింపము. వీనిని వదలుకొని ఆత్మశాంతిని సంపాదింపుడని బోధించువాడు, పరుల యాకలిని తన వేదాంతముగా చేసికొనినవాడు.

కాని సౌకర్యము వేరు, సార్థకత వేరు. ఆంగ్లదేశము 2018వ సంవత్సరమున ప్రజల ఒంటరితనమునకు సంబంధించిన వ్యవహారముల నొక మంత్రి కప్పగించినది. జపాను దేశము 2021లో అట్లే చేసినది. ఐశ్వర్యమునందును, వైద్యమునందును, యంత్రములయందును ప్రపంచమునకు ముందు నడచిన దేశములవి. పంటలకొక మంత్రి, పన్నులకొక మంత్రి యుండుట మనమెరుగుదుము. మనుష్యునకు మనుష్యుడు లేని కొరతకు మంత్రిని నియమింపవలసి వచ్చుట మాత్రము చరిత్రలో క్రొత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదికలో, లోకమున ఆరుగురిలో నొకరు ఈ ఒంటరితనముచే బాధపడుచున్నారని తెలిపినది. ఇది వృద్ధులకే పరిమితమైన బాధ కాదనియు, యువజనులలో నధికముగా నున్నదనియు కూడ ఆ నివేదికయే చెప్పుచున్నది.

మన పట్టణములు దీనికి దూరముగా లేవు. ఎదురింటివారి పేరు తెలియని అపార్టుమెంట్లు మనకును వచ్చినవి. పిల్లలు హైదరాబాదునందో, బెంగుళూరునందో, అమెరికాలోనో యుందురు. తల్లిదండ్రులు ఊరిలో నుందురు. నడుమ సెల్‌ఫోను తెర యుండును. ప్రతి రాత్రి ముఖము కనిపించును, మాట వినిపించును. జ్వరము వచ్చిన నాడు గంజి కాచి యిచ్చు చేయి మాత్రముండదు.

ఈ కొరత యెచటినుండి వచ్చినది? ఆడం స్మిత్తు అను స్కాట్లండు పండితుడు 1776లో ప్రకటించిన అర్థశాస్త్ర గ్రంథమున గుండుసూదుల తయారీని వర్ణించెను. ఒక్క సూదిని చేయుటను సుమారు 18 పనులుగా విడదీసి పదిమంది పంచుకొనినచో దినమునకు 48,000 సూదులు తయారగునట. ఆ నేర్పు లేనివాడు ఒంటరిగా చేసినచో ఇరువదియైనను చేయజాలడట. నేటి మన సంపదలో అధికభాగమునకు ఈ శ్రమవిభజనయే మూలము. కాని జీవితమంతయు ఒకటి రెండు చిన్నపనులలోనే గడపువాని బుద్ధి మొద్దుబారునని ఆ గ్రంథముననే ఆయన హెచ్చరించెను. సూది మొన అరగదీయువాడు ఆ సూది యెవరి వస్త్రమున నిలుచునో యెరుగడు.

నేడు కార్యాలయములలో, కంపెనీలలో పనిచేయు మన యువకులలో ననేకుల స్థితియు నిట్టిదే. కంప్యూటరు ముందు కూర్చుండి మరియొక ఖండములోని వ్యాపారమునకు లెక్క సరిచూచుచుందురు. నెల తిరుగగనే జీతము వచ్చును. కాని ఆ లెక్క సరిచూడకున్న నెవరికి కష్టము కలిగెడిదో, చూచినందున నెవరికి మేలు కలిగెనో వారి కంటికి కనబడదు. ఒకడు రాని దినమున వాని కుర్చీలో మరియొకడు కూర్చుండును. పనికిని, ఆ పనివలన మేలు పొందు మనుష్యుని ముఖమునకును సంబంధము తెగిపోయినది. రేయింబవళ్లు శ్రమించియు, ఇదంతయు దేనికని వారు నిట్టూర్చుటకు కారణమిదియే యని మా యభిప్రాయము.

ఎమిల్ డర్క్‌హైము అను ఫ్రెంచి పండితుడు 1897లో ఆత్మహత్యలను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. యూరపు దేశముల లెక్కలను పోల్చి చూచి, అవి దారిద్ర్యమును బట్టి పెరుగుట లేదనియు, కుటుంబముతోడను, మతసంఘముతోడను, దేశముతోడను మనుష్యునకు గల బంధములు సడలిన చోట పెరుగుచున్నవనియు తేల్చెను. ఆయన నిర్ణయములలో కొన్నింటిని తరువాతి పండితులు సవరించిరి. మూలమైన భావము నిలిచినది. తనవలన కావలసిన పని యొకటి కలదని, తన రాకను కోరువారు కొందరు కలరని యెరిగినవానికి, బ్రతుకెంత బరువైనను, పట్టుకొనుటకొక కొమ్మ దొరకును.

కావున సార్థక జీవితమన నేమి యని యడిగినచో మేమిచ్చు ప్రత్యుత్తరము చిన్నది. మనకొరకు ఎవరో యొకరు వేచియుండవలయును. ఆ వేళకు మనము పోవలయును. కీర్తికొరకు వేచియుండువారు వేరు. దండలు పట్టుకొని నిలుచువారిని మేము లెక్కింపము. మనము పోనిచో ఒక పిల్లవాని పాఠమాగిపోవుట, ఒక వృద్ధుని మందు రాకపోవుట, ఒక వాకిలి మూసియుండుట, ఇవియే మేము చెప్పు గుర్తులు.

దీనికి యువకులు వెంటనే ఒక ఆక్షేపణ చెప్పుదురు. జాతీయోద్యమము నాటివారికి స్వరాజ్యమను మహాలక్ష్యముండెను. అది 1947లో సిద్ధించినది. అట్టి లక్ష్యము మాకేది? మీరు చెప్పు చిన్నపనులతో హృదయము నిండునా? అని వారందురు. ఆక్షేపణ న్యాయమైనదే. కాని నాటి చరిత్రను దగ్గరగా చూచినచో వేరు సంగతి కనబడును.

1921లో చీరాల, పేరాల గ్రామముల ప్రజలు తమపై మునిసిపాలిటీని, దాని పన్నుల భారమును రుద్దుటకు సమ్మతింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి వెలుపల పాకలు వేసికొనిరి. రామనగరమను పేర నెలకొల్పిన ఆ పాకలలో సుమారు పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చి నివసించిరి. ఆంధ్రదేశ చరిత్రలో అంతటి సామూహిక త్యాగము అరుదు. తుదకు నాయకుడు చెరసాల పాలుగాగా, కష్టములకు తాళలేక, ప్రజలు మరల తమ యిండ్లకు వచ్చిరి.

ఆ చీరాలకు చేరువనే వేటపాలెమున్నది. అచట 1918లో సారస్వత నికేతనమను గ్రంథాలయము వెలసినది. 1929లో మహాత్మాగాంధి దానిని దర్శించెను. దానికి నూరేండ్లు దాటినవి. పాతపత్రికల సంపుటములకొరకు పరిశోధకులు దానిని వెదకికొని పోవుదురు. రామనగరపు పాకలు నేడు లేవు; గ్రంథాలయము నిలిచియున్నది. మొదటిదానిని తక్కువ చేయుటకు మేమీ మాట చెప్పుట లేదు. పదునొకండు నెలల వీరత్వమొక శక్తి. నూరేండ్లు దినదినము తాళము తీయుట మరియొక శక్తి. మొదటిదానికి కాలము కలసిరావలయును, గొప్ప నాయకుడు కావలయును. రెండవదానికి మనుష్యుడు వేళకు వచ్చిన చాలును.

మన గ్రంథాలయోద్యమమంతయు నిట్టివారి వలననే నడచినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడినది. అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో 1919 నవంబరు 14వ తేదీన చెన్నపట్టణమున అఖిలభారత గ్రంథాలయ మహాసభ జరిగినది. గ్రంథాలయములను గూర్చి చట్టము చెన్నపట్టణ రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను వచ్చినది. అంతకు పూర్వము ఇంటింట నడిగి తెచ్చిన చందాలతోను, తెచ్చిన పుస్తకములతోను జనులే వీనిని నిలిపిరి. నేడు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును మనము చెల్లించుచున్నాము. చట్టము భవనమునకును, పుస్తకములకును ధనమీయగలదు. వేళకు తలుపు తీయు మనస్సు నీయజాలదు.

పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. కొల్లూరునకును పెదవడ్లపూడికిని నడుమ ఆ పడవ తిరిగెడిది. రేవులలో పల్లెవారు చదివిన పుస్తకమిచ్చి చదువని పుస్తకమును పుచ్చుకొనెడివారు. రోడ్లు సరిగా లేని పల్లెలకు కాలువ మార్గమున కథలు, చరిత్రలు, వార్తలు చేరినవి. పడవ రాదగిన దినమున రేవున నిలిచి చూచుచుండిన బాలుని తలచుకొనుడు. వానికి స్వరాజ్యమనగా ఆ పడవయే. పడవ నడపినవారికిని స్వరాజ్యమనగా ఆ బాలుడే యని మేము నమ్ముచున్నాము.

గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో పత్రికావ్యాసమునకై రాజద్రోహ నేరము మోపబడి కఠినశిక్ష ననుభవించిరి. అంతటి త్యాగము చేసినవారు ఆ పేరుతోనే శేషజీవితము గడపవచ్చును. ఆయన అట్లు చేయక గ్రంథాలయములకొరకును, పెద్దలకు అక్షరములు నేర్పుటకొరకును దీర్ఘకాలము పాటుపడిరి. చెరసాలకు పోవుట యెంతటి దేశసేవయో, నలువది యేండ్ల రైతుచేత పలక పట్టించుట అంతటి దేశసేవ యని ఆయన జీవితమే చెప్పుచున్నది.

ఇది చదువుకొనిన పెద్దలకే చెల్లునని యనుకొనవలదు. తెలంగాణమున వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1915లో బీద కుటుంబమున జన్మించిరి. వంటపని చేసిరి, హోటలులో సర్వరుగా పనిచేసిరి, అచ్చుచిత్తులు దిద్దిరి. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొని ఊరూరు తిరిగి అమ్మిరి. నిజాము పాలనలో తెలుగు పుస్తకమును తెలుగువాని ముంగిటికి చేర్చుట సామాన్యమైన పని కాదు. కాలేజీ చదువు లేదు, వెనుక ఆస్తి లేదు. తన చేతనున్న రెండు కాళ్లను, ఒక భుజమును ఆయన దేశమున కిచ్చెను. 1961లో ఆయన గతించిరి. ఆయన వ్రాసిన నవలలను, కథలను నేటికిని చదువువారున్నారు.

వీరి జీవితములను చూచినపుడు మాకు తోచునదిది. స్వరాజ్యమను మహాలక్ష్యము వారిని నడిపినమాట నిజమే. కాని ఆ లక్ష్యము దినదినము వారి చేతికి అందినది పుస్తకముగా, పలకగా, పడవతెడ్డుగా, తాళపుచెవిగా. మహాలక్ష్యము పోయిన పిదపను ఈ పనులు మిగిలియున్నవి. కావున మాకు లక్ష్యము లేదని యువకులు దుఃఖింపనక్కర లేదు.

ఇక రెండు మూడు సందేహములకు సమాధానము చెప్పి ముగించెదము.

మొదటిది మా యింటి స్త్రీలే అడిగిన ప్రశ్న. "మాకొరకు తెల్లవారినది మొదలు అందరును వేచియుందురు. కాఫీకి భర్త, బడిసంచికి పిల్లలు, మందునకు అత్తగారు. మీరు చెప్పు సార్థకత మాకు కావలసినంత కలదు, కూర్చుండుటకు తీరిక మాత్రము లేదు" అని వారనిరి. ఈ మాటకు తలవంచవలసినదే. ఒకరికొరకే ఇల్లంతయు వేచియుండి, ఆమెకొరకు వేచియుండువారెవరును లేకపోయినచో దానిని సేవ యనరాదు, అది వెట్టి. స్వేచ్ఛగా చేపట్టిన పనిలోనే అర్థముండును. కావున ఈ మందిరమునకు వచ్చి సేవచేయ దలచిన పురుషులు మొదట తమ యింటి వంటగదిలో నొక పూట పని పంచుకొని పిదప రావలయును. అప్పుడు వారితోపాటు వారి భార్యలును, కుమార్తెలును ఈ బల్లయొద్ద కూర్చుండి చదువగలుగుదురు.

రెండవది: కుటుంబభారము, అప్పుల వాయిదాలు మోయుచున్నవారు లోకసేవ యెట్లు చేయగలరు? నిజమే, ఇల్లు వాకిలి విడిచి రమ్మని మేము పిలుచుట లేదు. తన బిడ్డలకు అన్నము పెట్టుటకై యంత్రముముందు పదిగంటలు నిలుచువాని జీవితమర్థవంతము కాదని పలుకుటకు మాకేమి యధికారమున్నది? వానికొరకు సాయంకాలము వేచియుండు బిడ్డలే వాని సార్థకత. కాని వారమునకొక గంట తీరిక యున్నవారు మనలో ననేకులున్నారు. ఆ గంట నేడు సెల్‌ఫోను తెరపై వ్రేలు జరుపుటలో పోవుచున్నది.

మూడవది సందేహము కాదు, హెచ్చరిక. అర్థము కొరవడిన మనుష్యునకు అర్థమమ్మువారు చాలమంది బయలుదేరుదురు. ఒక గుంపులో చేరుము, ఒక శత్రువును చూపించెదము, వానిని ద్వేషించుటయే నీ జీవితకార్యమని చెప్పుదురు. ద్వేషము కూడ రక్తమును వేడిచేయును. కొంతకాలము బ్రతుకునకు అర్థము వచ్చినట్లే యుండును. దానిని కనుగొనుట కొక్కటే పరీక్ష. ఆ గుంపులో చేరినందున మనకొరకు వేచియుండువారు పెరిగిరా, మనలను చూచి తలుపులు వేసికొనువారు పెరిగిరా? దేశభక్తి యను పేరు పెట్టుకొనిన ప్రతిదానిని ఈ గీటురాతిమీద గీచి చూడవలయును. మేము జాతీయవాదులము, కావుననే ఈ మాట చెప్పుటకు మాకు బాధ్యత అధికముగా కలదు. జాతి యనగా పటము కాదు, పొరుగువాడు.

సోదరులారా! ఇంతవరకు విషయము సామాన్యముగా చెప్పితిమి. ఇక ఈ గదిలోని సంగతి చెప్పెదము. కార్యదర్శిగారు చదివిన నివేదికను మీరు వింటిరి. పుస్తకములున్నవి, దీపములున్నవి, పత్రికలు వచ్చుచున్నవి. తాళము తీయువారు లేక అనేక సాయంకాలములు ఈ మందిరము మూసియుండెను. ఉద్యోగ పరీక్షలకు చదువు పిల్లలు ఇండ్లలో చోటు లేక ఈ మెట్లపై కూర్చుండి, వీధిదీపము వెలుతురున చదువుకొని పోయిరట. చూపు మందగించిన ఇద్దరు పెద్దలు పత్రిక చదివి వినిపించువారు లేరని రాక మానుకొనిరట. పింఛను దరఖాస్తు ఫారము నింపించుకొనుటకు వచ్చిన స్త్రీలు తాళము చూచి మరలిపోయిరట. మనకొరకు వేచియుండువారెవరని ఇంతసేపు మేమడిగితిమి. వారు వీరే.

వారమునకు ఏడు సాయంకాలములు. ఏడుగురు చాలుదురు. ఒక్కొక్కరు ఒక్కొక్క దినమును తమదిగా చేసికొనవలయును. అయిదున్నరకు తలుపు తీయవలయును, ఎనిమిదిన్నరకు మూయవలయును. నడుమ అరగంట పెద్దలకు పత్రిక చదివి వినిపించవలయును. ఫారములు వచ్చినచో నింపిపెట్టవలయును. పిల్లలు చదువుకొనుచుండగా మాటలాడక కూర్చుండవలయును. ఉపన్యాసములు అక్కరలేదు, దండలు లేవు, పేరు పత్రికలో రాదు. రాలేని దినమున బదులొకరిని పంపవలయును, ఊరక మానరాదు. ఇదియే నియమము.

మంగళవారమును మేము తీసికొనుచున్నాము. సభ ముగిసిన పిదప తలుపు ప్రక్క బల్లమీద రిజిస్టరు తెరిచియుంచబడును. తక్కిన ఆరు దినములకు ఎదుట గడులు ఖాళీగా నున్నవి. మీ దినమేదియో చూచుకొని, పేరు వ్రాసి, తాళపుచెవి యొకటి తీసికొనిపోవలసినదిగా ప్రార్థించుచున్నాము.